వారంటీ లేని ధ్వని

ఒక తలుపు. దానికి అడ్డంగా గొలుసులు, పెద్ద పెద్ద తాళాలు. ఒక తాళం మీద ‘సందేహం’ అని రాసుంది, ఇంకోదాని మీద ‘అజ్ఞానం’. ఆ తలుపుని బాదుతూ ఒకావిడ. తనని దూరం పెట్టొద్దని మొగుణ్ణి పేరు పెట్టి పిలిచి మరీ బతిమాలుకుంటోంది. కింద చిన్న అక్షరాల్లో అసలు సంగతి: ఒక ఆంతరంగిక విషయంలో భార్య చేసే అశ్రద్ధ ఆమెని సంసార సుఖానికి దూరం చేస్తుందట. ఆ విషయం ఏంటో పేజీలో ఎక్కడా సూటిగా ఉండదు. దానికి మందు మాత్రం ఉంటుంది. దాని పేరు లైసాల్.

అవును, నేల తుడిచే లైసాలే. మన సూపర్‌మార్కెట్లలో ‘లైజాల్’ అని స్పెల్లింగ్ మార్చుకుని దొరుకుతున్నది ఆ వంశమే. 1889లో జర్మనీలో పుట్టింది, కలరా రోజుల్లో పేరు తెచ్చుకుంది, అమెరికాలో లేన్ అండ్ ఫింక్ అనే కంపెనీ చేతిలో పెరిగింది. 1920ల నుంచి 1950ల దాకా అమెరికన్ స్త్రీల పత్రికల్లో దీని ప్రకటనలు రెండు రకాలుగా వచ్చేవి. ఒకటి నేలకీ, సింకుకీ, రోగి పడుకున్న గదికీ. రెండోది, ఇదిగో, ఈ తలుపు లాంటిది. సీసా ఒకటే, ఎన్ని నీళ్ళు కలపాలన్నదే తేడా.

తాళాల తలుపు 1940ల చివరిది. ఇలాంటివి వెతుక్కునేవాళ్ళకి డ్యూక్ యూనివర్సిటీ లైబ్రరీ ‘యాడ్ యాక్సెస్’ అనే డిజిటల్ సేకరణ ఒక పెద్ద గని. 1911 నుంచి 1955 దాకా వచ్చిన ఏడువేలకి పైగా ప్రకటనలున్నాయి, అందులో ‘అందం, పరిశుభ్రత’ అని ఒక విభాగమే ఉంది. అక్కణ్ణుంచీ, ఇంకా అలాంటి చోట్ల నుంచీ ఈ బొమ్మలు బయటికొచ్చి సోషల్ మీడియాలో తిరుగుతూ ఉంటాయి. వాటి కింద కామెంట్లు దాదాపు ఒకేలా ఉంటాయి. అబ్బా ఏం కాలం, ఆడవాళ్ళని తమ ఒంటి వాసనకి తామే సిగ్గుపడేలా చేశారు, నేల తుడిచే మందుతో కడుక్కోమన్నారు, వాళ్ళెలా నమ్మారో పాపం.

ఈ ‘పాపం’ దగ్గరే నాకు పేచీ. అది సగం చదువు. ఆ ప్రకటనని అసలు పాఠకురాలు మనకన్నా బాగా చదివింది.

వాసన సంగతి అందులో లేదని కాదు. ఉంది. కానీ ఆ ప్రకటనలు చూసి లైసాల్ కొన్న లక్షలమందిలో చాలామంది కొన్నది కడుపు రాకుండా ఉంటుందని. డూష్ చేసుకోవడం, అంటే రబ్బరు గొట్టంతో లోపల కడుక్కోవడం, అప్పట్లో గర్భనిరోధానికి వాడుకలో ఉన్న పద్ధతి. అమెరికాలో గర్భనిరోధక సాధనాల చరిత్ర రాసిన ఆండ్రియా టోన్ ‘డివైసెస్ అండ్ డిజైర్స్’ (2001) అనే పుస్తకంలో ఈ సంగతి విడమరిచి చెప్తుంది. మహామాంద్యం రోజుల్లో అక్కడ గర్భనిరోధానికి అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయిన సరుకు లైసాల్. చవక, ఏ కొట్లో అయినా దొరుకుతుంది, డాక్టరు చీటీ అక్కర్లేదు, అల్మరాలో కనబడినా ఎవరూ అడగరు. ఇంట్లో క్రిమిసంహారిణి ఉండటంలో వింతేముంది?

మరి ఆ మాటేదో అనొచ్చు కదా అని మనకి అనిపిస్తుంది. మన ఊళ్ళలో పంచాయితీ ఆఫీసు గోడ మీద, బస్టాండు గోడ మీద ఎర్ర త్రికోణం చూస్తూ పెరిగినవాళ్ళం. ఎంతమంది పిల్లలు చాలో సర్కారే గోడల మీద రాయించింది. (ఆ అరుపుకి వేరే హింస ఉంది, అది ఇంకో వ్యాసం.) అమెరికాలో కథ తిరగబడి ఉంది. 1873లో వచ్చిన కామ్‌స్టాక్ చట్టం గర్భనిరోధక సాధనాలనీ, వాటి గురించిన సమాచారాన్నీ బూతు కింద లెక్కగట్టి, పోస్టులో పంపడం నేరమంది. పత్రికలు పోస్టులోనే వెళ్ళాలి. కాబట్టి పత్రికలో ఆ మాట అచ్చెయ్యడం కుదరదు. 1936లో ఒక ఫెడరల్ కోర్టు తీర్పు డాక్టర్ల వరకూ దారి వదిలింది. పెళ్ళయినవాళ్ళకి గర్భనిరోధం రాజ్యాంగపరమైన హక్కని సుప్రీం కోర్టు చెప్పడానికి 1965 రావాల్సొచ్చింది. పెళ్ళికానివాళ్ళకి 1972.

ఈ సందులోంచి పుట్టింది ఆ మాట. ‘ఫెమినిన్ హైజీన్’. దీన్ని తెలుగులో ఏమనాలో నేను చాలాసేపు ఆలోచించాను. ‘స్త్రీల పరిశుభ్రత’ అంటే అక్షరాలా సరిపోతుంది, కానీ అందులో ఉన్న దొంగతనం పోతుంది. ‘బయట ఉంది’ అని మనవాళ్ళు వాడే మాట దీనికి దూరపు చుట్టం. ఇంటిగుమ్మం సంగతి కాదని అందరికీ తెలుసు, ఎవరూ ఆ పైమాట చెప్పక్కర్లేదు. అయితే ‘బయట ఉంది’ అన్న మాట ఎవరూ అమ్ముకోవడానికి కనిపెట్టింది కాదు. ‘ఫెమినిన్ హైజీన్’ మాత్రం ప్రకటనలు రాసేవాళ్ళు పనిగట్టుకుని అచ్చులోకి తెచ్చి తిప్పిన మాట. చట్టానికి ఒక అర్థం, కొనేవాళ్ళకి ఇంకో అర్థం.

మనకి ద్వ్యర్థి కావ్యం కొత్త కాదు. పింగళి సూరన ‘రాఘవపాండవీయము’లో ఒకే పద్యం రామాయణం వైపు తిప్పితే రామాయణం, భారతం వైపు తిప్పితే భారతం. ఆ లెక్కన లైసాల్ ప్రకటన కూడా ద్వ్యర్థి రచనే, రాసినవాడి చెయ్యి తిరిగిందనే ఒప్పుకోవాలి. కానీ సూరన రెండర్థాల కిందా సంతకం పెట్టాడు. ఏ అర్థం పొసగకపోయినా పరువు పోయేది ఆయనదే. లేన్ అండ్ ఫింక్ ఒక్క అర్థం కిందే సంతకం పెట్టింది. రెండో అర్థం పాఠకురాలి పూచీ.

శ్లేష కన్నా ఇక్కడ ధ్వని అనడమే ఇంకా సబబు. కావ్యంలో శ్రేష్ఠమైనది చెప్పింది కాదు, చెప్పకుండా స్ఫురింపజేసింది అని తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు అన్నాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా మన విమర్శలో ‘సూచ్యంగా చెప్పాడు’ అన్నది మెచ్చుకోలే, ‘వాచ్యం అయిపోయింది’ అన్నది తిట్టే. ఈ పత్రికలోనే ఎన్ని కథల్ని ఆ మాటతో పక్కన పెట్టి ఉంటామో లెక్కలేదు. నేనూ ఆ మాట వాడతాను, ఇకముందూ వాడతాను. కానీ ఈ ప్రకటనల్ని వరసగా చదువుతుంటే ఒక ప్రశ్న వదల్లేదు. ధ్వని వల్ల ఎవరికి లాభం?

ఆనందవర్ధనుడు ధ్వనికి ఉదాహరణలిస్తూ మొదట ఎత్తుకున్న పద్యం ఒక ప్రాకృత గాథ. మన హాలుడి ‘గాథాసప్తశతి’లోది. గోదావరి ఒడ్డు. ఒక స్త్రీ ఒక సాధువుతో, ఇక మీరు నిశ్చింతగా తిరగండి స్వామీ, మిమ్మల్ని భయపెట్టే ఆ కుక్కని అక్కడి పొదల్లో ఉన్న సింహం చంపేసింది అంటుంది. పైకి రమ్మంటోంది. అసలు చెప్తున్నది రావద్దని. ఆ పొదలు ఆమె ప్రియుణ్ణి కలుసుకునే చోటు. ఎవరైనా నిలదీస్తే? నేను ఆయన మేలుకోరి చెప్పాను, అంతే కదా అని తప్పుకోవచ్చు. బలం లేని మనిషికి ధ్వని ఇచ్చే రక్షణ ఇదీ. అన్నట్టూ ఉంటుంది, అననట్టూ ఉంటుంది. మన జానపదాల్లో అత్తగారి మీద కోడళ్ళు పాడుకున్న పాటలకీ ఇదే గొడుగు.

లైసాల్ ప్రకటనలో గొడుగు చేతులు మారింది. అన్నట్టూ అననట్టూ మాట్లాడుతున్నది కంపెనీ. నిలదీస్తే తప్పుకునే వీలున్నది కంపెనీకి. పొదల్లో సింహం ఉందో లేదో తేల్చుకోవడానికి ఒంటరిగా వెళ్ళాల్సింది ఆవిడ.

సింహం ఉంది. 1950ల మొదట్లో ఫార్ములా మార్చేదాకా లైసాల్‌లో ఉన్నది క్రెసాల్. పాళ్ళు తప్పితే మంటపుట్టించి చర్మాన్ని కాల్చే రసాయనం. అది ఒంట్లోపల. టోన్ ఇచ్చిన లెక్కల ప్రకారం 1911 నాటికే డాక్టర్లు 193 లైసాల్ విషప్రభావ కేసులు నమోదు చేశారు, వీటిలో ఆత్మహత్యలు కూడా ఉన్నాయి. గర్భాశయాన్ని కడుక్కోవడం వల్ల పోయిన ప్రాణాలు అయిదు. అంటే ఈ ప్రకటనల స్వర్ణయుగం ఇంకా మొదలవ్వక ముందే సంగతి తెలుసు. అయినా ముప్ఫైల్లో, నలభైల్లో వచ్చిన కాపీల్లో ఇది ఎంత మృదువైనదో, సున్నితమైన కణజాలానికి ఎంత హాని చెయ్యనిదో రాస్తూనే పోయారు.

పోనీ పనిచేసిందా అంటే అదీ లేదు. 1933లో న్యూఆర్క్‌లోని ఒక మాతృ ఆరోగ్య కేంద్రంలో లైసాల్ డూష్ మీద ఆధారపడిన 507 మంది స్త్రీలని లెక్కేస్తే 250 మందికి కడుపొచ్చింది. ఇద్దరిలో ఒకరికి. నాణెం ఎగరేసినట్టే.

ఆ 250 మందిలో ఒకావిడ కంపెనీకి ఉత్తరం రాసిందనుకోండి. ఏమని రాస్తుంది? మీ సరుకు పనిచెయ్యలేదు అనా? ఏ పనికి పనిచెయ్యలేదు? మేము శుభ్రత అన్నాం, శుభ్రంగానే ఉన్నారు కదా అంటారు వాళ్ళు. నేను పనిచేసే రంగంలో అన్‌డాక్యుమెంటెడ్ ఫీచర్ అని ఒకటుంటుంది. అందరూ వాడుతుంటారు, మాన్యువల్‌లో ఉండదు, పాడైతే ఎవరూ బాగుచెయ్యరు. ఎందుకంటే అధికారికంగా అది లేదు. మా దగ్గర పోయేది మహా అయితే ఒక శనివారం.

ధ్వని సిద్ధాంతంలో సహృదయుడు అని ఒక పాత్ర ఉంది. కవి చెప్పకుండా వదిలింది అందుకునే పాఠకుడు. ఈ ప్రకటనకి సహృదయురాలు కావడమంటే ఒంటి మీదికి తెచ్చుకోవడం. మందబుద్ధితో చదివి ఇది నేలకి సంబంధించిందేమో అనుకున్నావిడ క్షేమంగా ఉంది.

ఇక రచనగా చూస్తే ఈ ప్రకటనల్లో అన్నీ ఒకే స్థాయివి కావు. తాళాల తలుపు నాకు కాస్త మెలోడ్రామాగా అనిపిస్తుంది, తాళాల మీద పేర్లు రాయడం మరీ వాచ్యం. (చూశారా, వాడాను.) దానికన్నా నేర్పుగా రాసింది అదే కాలంలో వచ్చిన ‘లవ్ క్విజ్’. పెళ్ళయినవాళ్ళకి మాత్రమే అని మొదట్లోనే ఊరిస్తుంది. ప్రశ్న: ఆమె సాయంత్రాలు ఒంటరిగా ఎందుకు గడుపుతోంది? జవాబు: ఇల్లు అద్దంలా ఉంచుతుంది, చక్కగా తయారవుతుంది, మొగుడంటే ప్రేమే, కానీ ఆ ఒక్కటి మాత్రం అశ్రద్ధ చేసింది. ఆ మొగుడు సాయంత్రాలు ఎక్కడికి వెళ్తున్నాడన్నది క్విజ్‌లో లేదు. నేను గమనించిన ప్రకటనల్లో దాదాపు అన్నిట్లోనూ కథనం ఇలాగే నడుస్తుంది. కోపంగా, మౌనంగా ఒక మగవాడు, లేదా అసలు కనబడని మగవాడు. కారణం వెతుక్కునే పని ఆమెది. కారణం దొరికేది ఆమె ఒంట్లో.

1930ల నాటివి ఇంకో తీరులో ఉంటాయి. అందులో భర్త అంత విలన్ కాడు. భయమే విలన్. క్యాలెండర్ చూసి బెంగపడే భార్య, ఆ బెంగతో చిరచిరలాడుతూ ముందే ముసలిదైపోతున్న భార్య. ఇక్కడ రెండో అర్థం దాదాపు పైకి తేలిపోయింది. క్యాలెండర్ చూసి భయపడేది వాసన గురించి కాదని పదహారేళ్ళ పిల్లకి కూడా తెలుస్తుంది. మాంద్యంలో ఉద్యోగాలు పోయి, ఇంకో బిడ్డ అంటే వణికిపోతున్న ఇళ్ళు అవి. రాసినవాళ్ళకి ఆ భయం ఎలా ఉంటుందో బాగా తెలుసు. అదే నాకు మింగుడుపడనిది. నిజమైన బాధని ఇంత దగ్గరగా చూసి, దానికి పనికిరాని మందుని ఇంత చక్కగా రాశారు. ఒక వరసలోనైతే యూరప్ మహిళా డాక్టర్లు వచ్చి సాటి స్త్రీగా సలహా ఇస్తారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆరా తీస్తే ఆ డాక్టర్లు ఎక్కడా లేరని తేలింది. కథల్లో పాత్రలు కల్పితమైతే తప్పులేదు, మందు రాసిచ్చే పాత్ర కల్పితమైతే?

ఈ విద్యకి ఒక గురువు ఉన్నాడు. జేమ్స్ వెబ్ యంగ్, జె. వాల్టర్ థామ్సన్ ఏజెన్సీలో కాపీరైటర్. అంతకుముందు ఇంటింటికీ తిరిగి బైబిళ్ళు అమ్మినవాడు. 1919లో ‘లేడీస్ హోమ్ జర్నల్’లో ఒడొరోనో అనే చెమట మందుకి ఒక ప్రకటన రాశాడు. అంతకుముందు చేయించిన సర్వేలో చాలామంది స్త్రీలు ఆ సరుకు గురించి తెలుసుగానీ మాకు అవసరం లేదు అన్నారు. అవసరం లేదన్నవాళ్ళకి అవసరం ఎలా పుట్టించాలి? మీ దగ్గర వాసనొస్తోంది, ఆ సంగతి మీకు తెలీదు, తెలిసినవాళ్ళు మీకు చెప్పరు అన్నాడు. ఆ వాక్యం ఇలా లేదు, బొమ్మలో ఓ జంట ముచ్చటగా ఉంటుంది, భాష మర్యాదగా ఉంటుంది. కానీ సారం అదే. దాదాపు రెండొందలమంది చందాదారులు కోపంతో పత్రిక మానేశారు. ఏడాది తిరిగేసరికి అమ్మకాలు 112 శాతం పెరిగి 4,17,000 డాలర్లకి చేరాయి. యంగ్‌కి తెలిసిన కొందరు ఆడవాళ్ళు అతనితో మాట్లాడటం మానేశారట. ఆ చందా మానేసిన రెండొందలమందీ నా దృష్టిలో మంచి విమర్శకులు. చదివారు, అర్థమైంది, తిప్పికొట్టారు.

అయితే ఈ పత్రికల్లో మౌనమంతా ఒక్కటే రకం కాదు. ఆ తేడా పట్టుకోకపోతే అన్నిట్నీ ఒకే గాటన కట్టేస్తాం.

కోటెక్స్ సంగతి తీసుకోండి. మొదటి ప్రపంచయుద్ధంలో గాయాలకి కట్టడానికి కింబర్లీ-క్లార్క్ కంపెనీ చెక్క గుజ్జుతో సెల్యుకాటన్ అని దూదిలాంటిది తయారుచేసింది. ఫ్రాన్స్‌లో పనిచేసిన నర్సులు దాన్ని నెలసరికి వాడుకున్నారు. యుద్ధం అయ్యాక మిగిలిన సరుకుతో ఏం చెయ్యాలో తెలియని కంపెనీకి దారి చూపించింది వాళ్ళే. 1920లో కోటెక్స్ మార్కెట్లోకి వచ్చింది, 1921 నుంచి స్త్రీల పత్రికల్లో ప్రకటనలు. తొలి ప్రకటనలు యుద్ధం కథ చెప్తాయి, నర్సుల కథ చెప్తాయి. ఆ మాట అనకుండానే. కానీ సరుకు మాత్రం చెప్పని పనిని నిజంగానే చేస్తుంది! అడగడానికి సిగ్గుపడేవాళ్ళ కోసం కొట్లలో బల్ల మీద డబ్బాలు పేర్చి, పక్కన డబ్బులు వెయ్యడానికి ఓ పెట్టె పెట్టారు. ఎవరితో మాట్లాడక్కర్లేదు.

1928లో జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ళ మోడెస్ ఇంకో అడుగు వేసింది. ప్రకటనలోనే ఒక చిన్న కూపన్ అచ్చేసింది, పేరు ‘సైలెంట్ పర్చేజ్ కూపన్’. దాన్ని కత్తిరించి కౌంటర్లో ఇస్తే ఒక డబ్బా ఇస్తారు, నోరు విప్పే పనిలేదు. మెడికల్ షాపులో నల్ల కవర్లో, లేదా పాత పేపర్లో చుట్టిన ప్యాకెట్ తీసుకొచ్చుకున్నవాళ్ళెవరికైనా ఈ కూపన్ వెంటనే అర్థమవుతుంది. ఇది సిగ్గుని పోగొట్టలేదు, నిజమే. సిగ్గు ఎలాగూ ఉంది కాబట్టి దాన్ని దాటే చిన్న వంతెన వేసింది. సిగ్గులోంచి లాభం తీసుకుంది కూడా. కానీ ఆ కాగితం ముక్క మీద ఏం కావాలో స్పష్టంగా రాసుంటుంది. మౌనం నోటికే, కాగితానికి కాదు.

అదే కంపెనీ అంతకుముందు లిలియన్ గిల్‌బ్రెత్‌ని పిలిచి ఈ సరుకు మీద అధ్యయనం చేయించింది. ఆవిడ ఇంజనీరు, సైకాలజిస్టు, పన్నెండుమంది పిల్లల్ని కన్న తల్లి. 1927 మొదట్లో ఇచ్చిన నివేదిక కోసం వెయ్యిమందికి పైగా స్త్రీలని అడిగించింది: ఏది వాడుతున్నారు, ఎక్కడ ఇబ్బంది పెడుతోంది, ఎలా ఉంటే బావుంటుంది. ఇప్పుడు యూజర్ రీసెర్చ్ అంటూ మేం పెద్ద పెద్ద స్లైడ్లు వేసుకునేది దీన్నే. కొన్న ప్యాడ్లని చాలామంది తమకి కావలసినట్టు కత్తిరించి, సర్దుకుని వాడుతున్నారని ఆమెకి తెలిసింది. ఆ కాలంలో ఈ సరుకుల గురించి తయారైన కాగితాలన్నిట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ నివేదికే. అందులో ఏ ధ్వనీ లేదు, అడగడం, రాసుకోవడం, అంతే.

1928లోనే ఇంకో విశేషం జరిగింది. ఎడ్వర్డ్ స్టైకెన్ తీసిన లీ మిల్లర్ ఫోటో ఒకటి, పొడవాటి సాయంకాలపు గౌనులో, కోటెక్స్ ప్రకటనలో వచ్చింది. అంతదాకా గీసిన బొమ్మలే. గీసిన బొమ్మకి నెలసరి రాదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. నిజం మనిషి మొహం కనబడేసరికి న్యూయార్క్‌లో గగ్గోలు. మిల్లర్‌కి ముందు చెప్పను కూడా లేదు. ఆ అమ్మాయే తరవాత కెమెరా పట్టుకుని యుద్ధానికి వెళ్ళి డాఖౌ శిబిరాన్ని ఫోటోలు తీసిందని తెలిశాక ఆ ప్రకటనలో ఆమె చూపుని మామూలుగా చూడలేం.

ఇక అందరూ మాస్టర్‌పీస్ అనే మోడెస్ ప్రకటన, 1948 నుంచి మొదలై చాలా ఏళ్ళు నడిచింది. తాళాల తలుపు కూడా ఇంచుమించు ఆ రోజులదే. ఒక మోడల్, సూజీ పార్కర్ లాంటివాళ్ళు, పారిస్ దర్జీలు కుట్టిన గౌనులో, ఏ రాజభవనం మెట్ల మీదో నిలబడి ఉంటుంది. కింద రెండే మాటలు. ‘మోడెస్’, కొన్ని చుక్కలు, ‘ఎందుకంటే’. అంతే. వాక్యం అక్కడితో ఆగిపోతుంది. వివరణ లేదు, సరుకు బొమ్మ లేదు. సెసిల్ బీటన్ అంతటివాడు ఈ వరసకి ఫోటోలు తీశాడు.

చూడటానికి చాలా అందంగా ఉంటాయి. ధ్వనికి ఇంతకన్నా శుద్ధమైన రూపం ప్రకటనల్లో నేను చూడలేదు, చుక్కలకి ఇంత డబ్బు ఎవరూ ఖర్చు పెట్టి ఉండరు. ఆ అందాన్ని నేను కాదనలేను. ఇది ఎవరి ఒంటినీ కాల్చలేదు కూడా. సందేహం వేరే చోట ఉంది. చిన్నపిల్లలు ఆ పేజీ చూసి ‘ఎందుకంటే ఏంటమ్మా?’ అని అడిగితే అమ్మ ఏం చెప్పి ఉంటుంది? యుద్ధకాలపు నర్సులు చేసుకున్న ఉపాయం, వెయ్యిమందిని అడిగి తెలుసుకున్న వివరం, చివరికి ఒక గౌను, మూడు నాలుగు చుక్కలుగా ఆవిరైపోయాయి. 1921 ప్రకటనలో ఉన్నంత సమాచారం కూడా 1948 దాంట్లో లేదు. అందం పెరిగేకొద్దీ వివరం తగ్గింది. విమర్శకులు దాన్ని పరిణతి అన్నారు. నాకు మాత్రం ఆ గౌను కన్నా కత్తిరించుకునే కూపనే నచ్చుతుంది, ఎంత వికారంగా ఉన్నా సరే.

ఈ ప్రకటనలు చదువుతున్నప్పుడు పక్కన ఇంకో పుస్తకం తెరిచి పెట్టుకోవాలి. మార్గరెట్ శాంగర్ 1928లో వేసిన ‘మదర్‌హుడ్ ఇన్ బాండేజ్’. శాంగర్ యూజెనిక్స్ అభిప్రాయాలతో నాకు గట్టి పేచీ ఉంది, కానీ ఈ పుస్తకంలో ఎక్కువ భాగం ఆమె మాటలు కావు. ఆమెకి అమెరికా నలుమూలల నుంచీ తల్లులు రాసిన ఉత్తరాలు, పేర్లు తీసేసి వేసినవి, వందలున్నాయి. పత్రికలు ఎవరి కోసం అంత సూచ్యంగా రాశాయో ఆ స్త్రీలు రాసేటప్పుడు ఏదీ సూచించరు. ఎంత వయసులో పెళ్ళయిందో, ఎంతమంది పిల్లలో, ఎంతమంది పోయారో, కిందటి కాన్పులో ఏమైందో వరసగా రాస్తారు. తరవాత అడుగుతారు, ఇంకో కడుపు రాకుండా ఏం చెయ్యాలో చెప్పండి అని. మన కథల పోటీకి పంపితే వాచ్యంగా ఉందని వెనక్కి పంపే భాష.

ఆ ఉత్తరాలకి అంతే సూటిగా జవాబు రాసి పోస్టులో వెయ్యడం అప్పటికి నేరం. లైసాల్ ప్రకటనల కిందా ఒక కూపన్ ఉండేది. అది నింపి పంపితే ‘ఫెమినిన్ హైజీన్’ గురించి ఒక చిన్న పుస్తకం ఉచితంగా వచ్చేది, పైన ఏ పేరూ లేని కవర్లో, అదే పోస్టులో.